బేస్, ట్రెబుల్ మీటలు: ఎప్పుడు తిప్పాలి, ఎంత తిప్పాలి

మా నాన్నగారి స్టీరియో సెట్టు చాలా ఏళ్ళు మా పాత మండువా ఇంట్లో మోగింది. అంబాజీపేట దగ్గర పల్లెటూరు మాది. చావిట్లో గోడకి ఆనించిన టేకు బల్ల, దాని మీద ఆంప్లిఫయరు, అటొకటి ఇటొకటి స్పీకరు బాక్సులు, ఎదురుగా వానొస్తే నీళ్ళు పడే మండువా. బేస్ (మృదంగం దరువు లాంటి బరువైన, కింది శబ్దాలు) మీట గడియారంలో మూడు గంటల చోట, ట్రెబుల్ (తాళం లాంటి సన్నటి, పై శబ్దాలు) మీట సరిగ్గా నడిమధ్య ఉండేవి. వాటి జోలికి మమ్మల్నెవర్నీ రానిచ్చేవారు కాదు.

తర్వాత పక్క స్థలంలో డాబా కట్టుకుని అందులోకి మారాం. అదే సెట్టు, అవే బాక్సులు, మీటలు కూడా పాత చోట్లలోనే. తొలిరోజు బాలమురళి కచేరీ పెడితే మృదంగం డప్పులా మోగింది, గాత్రం నూతిలోంచి వస్తున్నట్టుంది. "సెట్టు పాడైపోయిందిరా" అన్నారు నాన్నగారు. శంకరగుప్తంలో పుట్టిన ఆ మహానుభావుడి గొంతు మా ఇంట్లో అలా వినబడటం ఆయనకి నిజంగా బాధ. సెట్టుకేమీ కాలేదు. మండువా ఇంట్లో కింది శబ్దాలు పైన ఆకాశంలోకి పోయేవి, అందుకే బేస్ పెంచుకోవాల్సి వచ్చేది. డాబాలో నాలుగు గోడలు, పైన శ్లాబు, కింద టైల్సు. పోవడానికి దారి లేక ఆ శబ్దమంతా గదిలోనే తిరుగుతోంది. ఆ సాయంత్రం బేస్ మీటని పదకొండు గంటల చోటికి తగ్గిస్తే సగం రోగం కుదిరింది. మిగతా సగం కుదరడానికి నాకు చాలా కాలం పట్టింది. అలా నేర్చుకున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను, మీకంత కాలం పట్టకూడదని.

మీటలు ముట్టుకోకూడదనే వాళ్ళున్నారు. రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు వినాలని వాళ్ళ వాదన. ఖరీదైన ఆంప్లిఫయర్లు కొన్నిటికి బేస్, ట్రెబుల్ ఉండవు కూడా. ఉన్నవాటికి 'డైరెక్ట్' అని ఒక బటన్ పెడతారు, నొక్కితే మీటలు పక్కకి తప్పుకుంటాయి. ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. కానీ 'ఉన్నది ఉన్నట్టు' అన్నది మన చెవిదాకా రాదు. ఎల్పీ రికార్డునే తీసుకోండి: 1950ల మధ్య నుంచీ, చెక్కేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి చెక్కడం, వాయించేటప్పుడు ఆంప్లిఫయరులో దాన్ని తిరగేయడం పద్ధతి. పాట మిక్స్ చేసిన స్టూడియోలో ఏ స్పీకర్లున్నాయో, ఆ గది ఎలాంటిదో మనకి తెలియదు. ఒక్కో స్టూడియో ఒక్కో రకం. ఈ చిక్కుముడి గురించి కెనడా శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఇన్ని చేతులు మారి వచ్చిన పాటకి చివర్లో మన గది ఇంకో చెయ్యి వేస్తుంది. ఆ చివరి చేతిని సరిదిద్దడానికే ఈ మీటలు. నా మటుకు నాకు అవి లేని ఆంప్లిఫయరు ఉప్పు డబ్బా లేని వంటిల్లు.

అయితే అన్నిటికన్నా ముందు తిప్పాల్సింది మీటల్ని కాదు.

ముందు వైర్లు చూడండి

ఒక సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయించి, బాక్సులు తీసి మళ్ళీ తగిలించాం. ఆ తర్వాత మూడు నెలలు పాట పీలగా వినబడింది. బేస్ పూర్తిగా తిప్పినా కిందిది రాదు, గాత్రం మధ్యలో నిలబడకుండా గదంతా చెదిరిపోయినట్టుంది. చివరికి బాక్సు వెనక్కి వంగి చూస్తే, ఎడమ బాక్సుకి ఎర్ర వైరు నల్ల బిగింపులో ఉంది. ఒక ఊఫరు, అంటే బాక్సులో బేస్ పలికే పెద్ద స్పీకరు, ముందుకి నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది, కింది శబ్దాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటున్నాయి. వైరు మార్చి తగిలించగానే అర నిమిషంలో పాట తిరిగొచ్చింది.

కాబట్టి సెట్టు ఆపి, రెండు బాక్సుల వెనకా ఆంప్లిఫయరు వెనకా ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు ఉన్నాయో లేదో చూడండి. వైరు మీద రంగు గుర్తు లేకపోతే ఒక అంచున గీతో అక్షరాలో ఉంటాయి, వాటిని పట్టుకుని పోండి. అయినా అనుమానం తీరకపోతే ఒక గొంతు మాత్రమే ఉన్న పాట పెట్టి రెండు బాక్సులకి సమదూరంలో కూర్చోండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి రావాలి. రాకపోతే ఒక్క బాక్సు వైర్లు మాత్రం తారుమారు చేసి మళ్ళీ వినండి.

ఊఫరు చుట్టూ ఉండే మెత్తటి అంచుని కూడా వేలితో తేలిగ్గా తాకి చూడండి. స్పాంజి అంచులు ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతాయి. మన తేమకి ఆ పని ఇంకా తొందరగా అవుతుంది. అంచు పోయిన ఊఫరుకి బేస్ పెంచితే బరబరమంటుంది తప్ప పాట రాదు. అంచు మార్పించాలి, లేదా ఊఫరే మార్చాలి.

తర్వాత బాక్సుల చోటు

మన ఇళ్ళల్లో బాక్సుల్ని సజ్జ మీదో, బీరువా మీదో పెట్టే అలవాటు. పిల్లలకి అందకుండా ఉంటాయని, చోటు కలిసొస్తుందని. కానీ శ్లాబుకీ గోడకీ మధ్య మూలలో బాక్సు పెట్టడమంటే బేస్ మీట ఎవరూ తిప్పకుండానే పూర్తిగా తిప్పేసినట్టు. గోడ దగ్గరికి జరిపేకొద్దీ కింది శబ్దం పెరుగుతుంది. రెండు గోడలు కలిసేచోట ఇంకా పెరుగుతుంది, శ్లాబో నేలో కూడా కలిస్తే మరీనూ.

బాక్సుల్ని కిందికి దించండి. పై శబ్దాలు పలికే, చిన్న గుండ్రంగా ఉండే ట్వీటరు, మీరు కూర్చున్నప్పుడు మీ చెవి ఎత్తులో ఉండాలి. గోడకి కనీసం రెండడుగులు ఎడం ఇవ్వండి. బాక్సుకీ బాక్సుకీ మధ్య ఎంత దూరమో, మీకూ ఒక్కో బాక్సుకీ మధ్య అంతే దూరం ఉండేలా చూడండి. మీ కుర్చీ వెనక గోడకి ఆని ఉంటే ఒక అడుగు ముందుకి లాక్కోండి. గోడకి తల ఆనించి వింటే బేస్ ఎక్కువ తగులుతుంది, అడుగు ముందుకొస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

సబ్ ఊఫరు (బేస్ ఒక్కటే పలికే విడి బాక్సు) ఉన్నవాళ్ళకి ఒక కిటుకు. దాన్ని ఎత్తి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. బేస్ బాగా ఉన్న పాట వేసి, మీరు మోకాళ్ళ మీద గోడల వెంట తిరుగుతూ వినండి. ఎక్కడ బేస్ హోరెత్తకుండా, మాయమవకుండా సమంగా వినబడితే సబ్ ఊఫరు పెట్టాల్సిన చోటు అదే. దాని వెనక 0, 180 అని చిన్న స్విచ్చు ఉంటుంది. రెండూ మార్చి చూసి, మీ కుర్చీ దగ్గర బేస్ నిండుగా ఉన్నదాన్ని ఉంచుకోండి. చిన్న బాక్సుల నుంచి సబ్ ఊఫరుకి పాట విడిపోయే హద్దు 80 హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనలో చెప్పే కొలత) దగ్గర పెట్టి మొదలెట్టండి, చాలా ఇళ్ళకి అది సరిపోతుంది.

అన్ని మీటల్నీ సున్నాకి తీసుకురండి

ఇప్పుడు బేస్, ట్రెబుల్ రెండూ నడిమధ్యకి. చాలా ఆంప్లిఫయర్లలో ఉండే ఈ రెండు మీటల అమరిక, పీటర్ బాక్సండాల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1952లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఇచ్చిన సర్క్యూట్ నుంచి వచ్చిందే. మీట మధ్యలో ఉంటే పాటని దాదాపు ముట్టుకోనట్టే ఉండటం దాని గొప్పతనం.

ఇక్కడ ఈ రోజుల్లో ఒక చిక్కుంది. ఈక్వలైజరు, అంటే ఏ శబ్దానికాశబ్దం పెంచి తగ్గించే మీటల వరస, ఒక్కచోటే ఉండదు. ఫోన్ సెట్టింగ్స్‌లో ఒకటి, పాటల యాప్‌లో ఒకటి, బ్లూటూత్ స్పీకరు కంపెనీ యాప్‌లో ఒకటి, టీవీలో ఒకటి, ఆంప్లిఫయరు మీద ఒకటి. మొన్న మా బావ ఇంట్లో సౌండ్‌బార్ రేకు డబ్బాలా మోగుతోందంటే వెళ్ళి చూశాను. టీవీలో 'మూవీ', బార్‌లో 'రాక్', ఫోన్‌లో 'బేస్ బూస్ట్' మూడూ ఒకేసారి పెట్టి ఉన్నాయి. మూడూ తీసేయగానే బార్ బాగానే పాడింది. అన్నిచోట్లా ఆపేసి, ఒక్కచోట మాత్రమే సవరించండి. ఆ ఒక్కచోటు చెవికి దగ్గర్లో ఉన్నది, అంటే ఆంప్లిఫయరో సౌండ్‌బారో అయితే, ఏ పాట ఎక్కణ్ణించి వచ్చినా వర్తిస్తుంది.

'హాల్', 'స్టేడియం', 'చర్చ్' లాంటి మోడ్‌లని వదిలేయండి. ఉన్న ప్రతిధ్వని చాలదన్నట్టు ఇంకాస్త కలుపుతాయి.

గది గొంతు పట్టుకోవడం

ఇదే అసలు పని. తీరిగ్గా చేయండి.

ప్రతి గదికీ తనదైన కింది స్వరం ఒకటుంటుంది. మన వేసవి గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 349 మీటర్లు పోతుంది. దాన్నిబట్టి చిన్న లెక్క: 570ని గది పొడవుతో (అడుగుల్లో) భాగించండి. వచ్చిన అంకె దగ్గరి హెర్ట్జ్‌లో గది గుయ్‌మంటుంది. పదహారడుగులైతే 36, పద్నాలుగైతే 41, పదైతే 57. దానికి రెట్టింపు దగ్గర కూడా మోత ఉంటుంది. పొడవుకో లెక్క, వెడల్పుకో లెక్క. మా డాబా ముందు గది పన్నెండుకి పన్నెండు, చదరం. అంటే 48 దగ్గరా, దాని రెట్టింపు 95 దగ్గరా పొడవూ వెడల్పూ కలిసి ఒకే స్వరాన్ని రెండింతలు మోగిస్తున్నాయన్నమాట. శబ్దానికి చదరపు గది అంత చెడ్డది మరొకటి లేదు. ఇల్లు కట్టుకోబోయేవాళ్ళు పాటలు వినే గదిని కాస్త దీర్ఘంగా వేసుకుంటే తర్వాత చాలా శ్రమ తప్పుతుంది.

లెక్కని చెవితో సరిచూసుకోవాలి. ఫోన్‌లో కావలసిన హెర్ట్జ్‌లో కూత వినిపించే టోన్ జనరేటర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌ని సెట్టుకి తగిలించి, వాల్యూమ్ తక్కువలో ఉంచి, 30 హెర్ట్జ్ నుంచి 200 దాకా మెల్లగా పైకి జరపండి. కుర్చీలోంచి లేవకండి. ఒక్కోచోట శబ్దం ఒక్కసారి ఉబ్బుతుంది, ఒక్కోచోట మాయమవుతుంది. ఉబ్బిన అంకెలు కాగితం మీద రాసుకోండి. పై శబ్దాల జోలికి ఇలా పెద్ద వాల్యూమ్‌లో వెళ్ళకండి, ట్వీటర్లు పోతాయి.

నేనిది చేస్తున్నప్పుడు 95 దగ్గరికి రాగానే గోడ షోకేసులో అమ్మ ఇత్తడి సామాను వరస గణగణమంది. గాజు తలుపు ఒక మూల వదులుగా ఉంది. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడిన ప్రతిసారీ నేను స్పీకరు బరబర అనుకున్నది ఆ గాజేనని తెలిసింది. తలుపు చట్రంలో సైకిలు ట్యూబు ముక్క పెట్టాను, సరిపోయింది. కాబట్టి ఉబ్బిన అంకె దగ్గర ఆగి, లేచి గదంతా తిరిగి చేత్తో తాకి చూడండి: క్యాలెండరు రూళ్ళు, కిటికీ రెక్కలు, ఫ్యాన్ కప్పు, రేకు సామాను. ఏ మీటా వీటిని సరిచేయలేదు.

పై శబ్దాల సంగతి వేరు. చప్పట్లు కొట్టి చూడండి. టింగ్‌మని తోక మిగిలితే గది ఖాళీగా ఉందని అర్థం. టైల్సు, రంగు గోడలు, శ్లాబు ఇవన్నీ పై శబ్దాన్ని తిరగ్గొడతాయి. అప్పుడు 'స', 'శ' అక్షరాలు గుచ్చుకుంటాయి. ట్రెబుల్ తగ్గించేముందు నేల మీద మందపాటి కొబ్బరి పీచు చాప వేయండి, కోనసీమలో దానికి కొదవా! ఎదురు గోడకి బరువైన బట్ట తెర కట్టండి. నరసాపురం లేసు తెరలు చూడ్డానికి ఎంత అందమో, శబ్దానికి అంత లేనట్టే, చిల్లుల్లోంచి దాటిపోతుంది. ఒక మూల బూరుగు దూది పరుపులు మడిచి పెట్టుకున్నా పనికొస్తాయి. అయితే చాపలూ తెరలూ పై శబ్దాలకే. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, అంగుళం మందం చాప దాన్నేమీ చేయలేదు. కింది మోతకి మాత్రం మీటే దిక్కు.

బేస్: తగ్గించడం నేర్చుకోండి

ఉబ్బిన చోట తగ్గించండి, మాయమైన చోట పెంచకండి. మీ కుర్చీ దగ్గర ఒక స్వరం మాయమైందంటే, గోడ నుంచి తిరిగొచ్చిన అల దాన్ని కొట్టేస్తోందని. మీరెంత పెంచితే అదీ అంతే పెరిగి అంతే కొట్టేస్తుంది. కుర్చీ అయినా బాక్సు అయినా జరపడమే మార్గం.

పది మీటల ఈక్వలైజరు ఉంటే వాటి కింద 31, 62, 125, 250, 500, 1కే, 2కే, 4కే, 8కే, 16కే అని ఉంటుంది ('కే' అంటే వెయ్యి). మా 95 వాటిలో లేదు. అందుకని 62నీ 125నీ చెరో 3 డెసిబెల్లు (శబ్దం బలానికి కొలత) దించాను. ఫోన్‌లో ఏ హెర్ట్జ్ కావాలంటే అది ఎంచుకునే పారామెట్రిక్ ఈక్వలైజరు యాప్ ఉంటే పని ఇంకా శుభ్రం: 95 దగ్గర సన్నగా 6 డెసిబెల్లు కోస్తే మిగతా పాట చెక్కుచెదరదు. రెండు మీటలే ఉన్న సెట్టయితే బేస్ మీటని కొంచెం ఎడమకి తిప్పండి. అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కలంతా కదిపేస్తుంది, కాబట్టి ఒక్క గీత తిప్పి ఒక పాట మొత్తం వినండి. గొంతులో నిండుతనం పోతోందనిపిస్తే వెనక్కి రండి.

పెంచడానికి ఖర్చుంది. 3 డెసిబెల్లు పెంచితే ఆంప్లిఫయరు రెండింతల కరెంటు బలం ఇవ్వాలి, 10 పెంచితే పదింతలు. 5 వాట్లతో హాయిగా పాడుతున్న సెట్టుకి బేస్ పూర్తిగా తిప్పితే ఆ దరువు దగ్గర 50 వాట్లు కావాలి. 30 వాట్ల సెట్టు అది ఇవ్వలేక అల కొసల్ని నరికేస్తుంది, ఆ నరుకుడు వేడి ట్వీటరు మీద పడుతుంది. మా చెల్లెలి పెళ్ళికి పిల్లలు బాక్సుల్ని అరుగు మీదికి చేర్చి రెండు మీటలూ చివరిదాకా తిప్పారు. తెల్లారేసరికి కుడి ట్వీటరు మూగబోయింది. పోయింది వాల్యూమ్ వల్లేనని అందరూ అన్నారు, దానికి మీటలు తోడయ్యాయి. ఫోన్ యాప్‌లో ఏ మీటైనా పెంచితే, అక్కడే ఉండే 'ప్రీ ఆంప్' మీటని అంతే దించాలి. లేకపోతే పాట ఫోన్‌లోనే పగులుతుంది.

కింది శబ్దం గోడలు దాటి పక్కింటికి పోతుంది, పైది పోదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో హద్దు 45 డెసిబెల్లని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నియమం సంగతి అటుంచి, పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలుంటే రాత్రిపూట బేస్ రెండు గీతలు దించితే చాలు, వాళ్ళకి మీ పాట దాదాపు వినబడదు.

చిన్న వాల్యూమ్‌లో వినేటప్పుడు

వాల్యూమ్ తగ్గించేకొద్దీ మన చెవికి బేస్ ముందుగా మాయమవుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. పాత ఆంప్లిఫయర్ల మీద 'లౌడ్‌నెస్' బటన్ ఉండేది అందుకే. రాత్రి మెల్లగా పెట్టుకున్న వీణ పలచగా అనిపిస్తే అది నొక్కండి, లేదా బేస్ ఒక గీత పెంచండి. పొద్దున వాల్యూమ్ పెంచినప్పుడు తీసేయడం మర్చిపోకూడదు. చాలామంది ఆ బటన్ ఏళ్ళ తరబడి నొక్కే ఉంచి, సెట్టు గుబగుబలాడుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకుపోతారు.

ట్రెబుల్: పాటని బట్టి

ట్రెబుల్ మీట రికార్డింగుల కోసం. పాత సినిమా పాటలు మోనో, టేపు సవ్వడితో ఉంటాయి. ఘంటసాల గొంతుకి ప్రాణమంతా మధ్య శబ్దాల్లోనే ఉంది. ట్రెబుల్ పెంచితే గొంతు మెరుగవదు, సవ్వడి మెరుగవుతుంది. ఒక గీత తగ్గించి వినండి, గొంతు దగ్గరికొచ్చినట్టుంటుంది. ఇప్పటి పాటలు కొన్ని మరీ మెరిపించి మిక్స్ చేసినవి, అరగంట వింటే చెవి అలిసిపోతుంది. వాటికీ ఒక గీత కిందికే.

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిని మీడియం వేవ్‌లో వినే పెద్దలు మన వైపు ఉన్నారు. ఆ తరహా ప్రసారం సాధారణంగా నాలుగున్నర కిలోహెర్ట్జ్ దాటి పాటని మోయదు. దానికి ట్రెబుల్ పెంచితే వచ్చేది చుయ్‌మనే గాలీ, మోటారు స్టార్టరు చప్పుడూ. అక్కడ తగ్గించడమే మంచిది.

క్యాసెట్టు మందంగా వినబడితే మీట తిప్పేముందు హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవండి. పోయిన ట్రెబుల్ అక్కడే గోధుమ రంగు మసిగా దొరుకుతుంది.

సరిచూసుకోవడానికి వీణ కన్నా మంచి కొలబద్ద నాకు తెలియదు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారిదో, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారిదో ఏదైనా ఒకటి పెట్టండి. మంద్రంలో తీగ మీటగానే అది ఉబ్బకుండా మెల్లగా ఆరిపోవాలి. పైస్థాయిలో గోరు తీగని తాకిన చిటుకు వినబడాలి, అయినా గుచ్చకూడదు. ఈ రెండూ కుదిరితే మిగతా పాటలన్నీ వాటంతట అవే కుదురుతాయి.

పెద్దవాళ్ళ కోసం

ఈ మీటలు ఇంకెందుకూ పనికిరాకపోయినా ఇందుకోసం ఉండి తీరాలి.

నాన్నగారికి డెబ్బై ఎనిమిది. టీవీ వార్తలు పెట్టుకుని, "వీళ్ళు మాట నోట్లోనే మింగేస్తున్నారురా" అనేవారు. సౌండ్‌బార్ వాల్యూమ్ 38లో ఉండేది. అమ్మ వంటింట్లోంచి తగ్గించమనేది, ఆయన చిన్నబుచ్చుకుని టీవీ కట్టేసేవారు. వయసుతో ముందుగా పోయేవి పై శబ్దాలు. అచ్చులు కింద ఉంటాయి, బలంగా ఉంటాయి. మాటకి అర్థం ఇచ్చే స, చ, త, ప లాంటి హల్లులు పైన ఉంటాయి, బలహీనంగా ఉంటాయి. వాల్యూమ్ పెంచితే అచ్చులు ఇంకా పెరిగి హల్లుల్ని కప్పేస్తాయి. శబ్దం వినబడుతుంది, మాట తెలియదు.

ఒకరోజు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి రిమోట్ నేను పట్టుకున్నాను. బేస్ 4 గీతలు తగ్గించాను. యాప్‌లో 2కే, 4కే మీటల్ని 3 డెసిబెల్లు పెంచాను. 'డైలాగ్' మోడ్ వేశాను. అప్పుడు వాల్యూమ్ మెల్లగా దించుకుంటూ వచ్చాను. 26 దగ్గర చెయ్యెత్తి "ఆగు" అన్నారు. కాసేపు విని, "పాత అన్నాడా తాత అన్నాడా అని ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదురా" అన్నారు. అమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఆ సాయంత్రం ఆయన పద్య నాటకం ఒకటి పూర్తిగా విన్నారు.

మీ ఇంట్లో కూడా ఈ వరసలోనే చేయండి: ముందు బేస్ దించడం, తర్వాత మధ్య పైమీటలు కొంచెం పెంచడం, చివర్లో వాల్యూమ్. మీ చెవికి అది కొంచెం గరుకుగా ఉంటుంది, సర్దుకోండి. ఐదు బాక్సుల హోమ్ థియేటరైతే మాటలు ఎక్కువగా మధ్య బాక్సులోంచే వస్తాయి, దాన్నొక్కదాన్నీ 2, 3 డెసిబెల్లు పెంచండి. 'నైట్' మోడ్ పెద్ద చప్పుళ్ళని దించి చిన్న మాటల్ని ఎత్తుతుంది, పగలు కూడా వాడుకోవచ్చు. ఒక చెవి బాగా మందగిస్తే కుర్చీని మంచి చెవి బాక్సు వైపుకి తిప్పండి, లేదా బ్యాలెన్స్ మీట అటు జరపండి.

ఇంత చేసినా మాట తెలియకపోతే ఇక సెట్టు మీద పడకండి. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి. వినికిడి యంత్రం చేయాల్సిన పని మీట చేయలేదు.

మైకుతో తనంతట తాను సరిచేసుకునే సెట్లు

ఆడిసీ, డిరాక్, యమహా వాళ్ళ వైపీఏఓ లాంటివి సెట్టుతో వచ్చిన మైకుతో గదిని కొలిచి ఈక్వలైజరు తామే వేసుకుంటాయి. ఉంటే తప్పక వాడండి, ముఖ్యంగా బేస్‌కి బాగా పనిచేస్తాయి. కొలిచేటప్పుడు ఫ్యాన్లు, ఏసీ ఆపండి. మైకుని చేత్తో పట్టుకోకుండా కుర్చీలో చెవి ఎత్తున స్టాండుకి కట్టండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల పక్క ఇళ్ళల్లో ఏరియేటర్లు ఆగిన వేళ చూసుకోవాలి, గుడి పక్క ఇళ్ళల్లో మైకు మొదలవక ముందు. కొలత అయ్యాక ఫ్యాన్ వేసి మళ్ళీ వినండి, మనం వినేది ఫ్యాన్ కిందే కదా.

మీ చెవిని మీరే పరీక్షించండి

కాస్త పెద్దగా వినబడేది మనకెప్పుడూ బాగున్నట్టే ఉంటుంది. అందుకే షాపుల్లో బేస్, ట్రెబుల్ రెండూ పెంచి వినిపిస్తారు. మీ సవరణ నిజంగా మేలు చేసిందో లేదో తేలాలంటే, ఇంట్లో ఒకరికి 'డైరెక్ట్' బటన్ ఇచ్చి, మీరు కళ్ళు మూసుకోండి. సవరణ ఉన్నప్పుడూ లేనప్పుడూ వాల్యూమ్ ఒకేలా ఉండేట్టు సర్దమనండి. వాళ్ళు పది సార్లు వాళ్ళిష్టం వచ్చినట్టు నొక్కి, మీకేది నచ్చిందో రాసుకోవాలి. ఐదూ ఐదూ వస్తే ఆ సవరణ తీసేయండి. నేను చేస్తే బేస్ కోత పదికి పది నిలబడింది, ట్రెబుల్‌లో నేను ముద్దుగా పెట్టుకున్న ఒక గీత నిలబడలేదు. తీసేశాను.

మీటల సంరక్షణ, గుర్తులు

సముద్రం గాలికీ తేమకీ మీటల లోపల చిలుము పడుతుంది. తిప్పితే గరగరమంటుంది, ఒక బాక్సు ఉండుండి ఆగిపోతుంది. ఒకసారి బాగు చేయడానికిస్తే ఒక షాపులో లోపల కుట్టు మిషను నూనె వేసి పంపారు. నెల బాగుంది, తర్వాత దుమ్ము పట్టి ముద్దయింది. నూనెలు, కిరోసిన్ వద్దు. ప్లగ్గు పీకి, కొంతసేపు ఆగి, ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ని మీట వెనక సందులో కొద్దిగా కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరికి ఓ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. వానాకాలంలో వారానికొకసారి ఊరికే ఇటూ అటూ తిప్పుతుంటే చిలుము పట్టదు.

సెట్టింగ్ కుదిరాక మీట అంచున గోళ్ళ రంగుతో చిన్న చుక్క పెట్టండి. పిల్లలు తిప్పినా మళ్ళీ అక్కడికి తేవచ్చు. ఒక కాగితం మీద తేదీ, గది, మీటల స్థానాలు రాసి ఆంప్లిఫయరు కింద పెట్టండి. చాప తీసినా, సోఫా మార్చినా, గదిలో వడ్ల బస్తాలు పేర్చినా లెక్క మారుతుంది. మా ఇంట్లో మాసూళ్ళప్పుడు బస్తాలు ముందు గదిలోకి వస్తాయి. అవి ఉన్నన్నాళ్ళూ ట్రెబుల్ ఒక గీత పైకి, బస్తాలు మిల్లుకి వెళ్ళాక మళ్ళీ చుక్క దగ్గరికి.